రెడ్ హిల్స్ దాటాక ఉన్న కుక్కల బోర్డింగ్: పగ్, లాబ్రడార్, చిప్పిపారై మూడింటినీ అక్కడ వదిలాక నా అభిప్రాయం

చెన్నైలో ఉంటూ గూడూరు, నెల్లూరు, ఒంగోలు వైపు చుట్టాలున్నవాళ్లకు, అందులోనూ ఇంట్లో కుక్కలున్నవాళ్లకు ఇది పనికొస్తుందని రాస్తున్నాను. మా ఇంట్లో మూడున్నాయి. పగ్ పేరు బుజ్జి, లాబ్రడార్ పేరు రాజు, చిప్పిపారై అనే తమిళనాడు వేట జాతి కుక్క పేరు మెరుపు. కొళత్తూరులో కింద మా మందుల షాపు, పైన ఇల్లు. పెళ్లికో కర్మకో ఊరెళ్లాల్సి వస్తే షాపు చూసుకోవడానికి తమ్ముడున్నాడు. కుక్కల్ని చూసుకోవడం మాత్రం వాడి వల్ల కాదు.

ఈ బోర్డింగ్ నెల్లూరు హైవే మీదే. రెడ్ హిల్స్ దాటి, నల్లూరు టోల్‌గేట్ ఇంకా రాకముందే లోపలికి తిరగాలి. కాబట్టి ఊరెళ్తూ దించేసి, వస్తూ ఎక్కించుకోవచ్చు. నడిపేది సూళ్లూరుపేట వైపు మనిషి. సైన్యంలో కుక్కల హ్యాండ్లర్‌గా చేసి రిటైరయ్యాడు, మీరట్‌లో సైన్యపు పశువైద్య విభాగం నడిపే ఆర్వీసీ సెంటర్‌లో శిక్షణ పొందినవాడు. మేం ఆయన్ని అన్న అంటాం, వాళ్లావిడను వదిన అంటాం. పేరూ నంబరూ బయట పెట్టొద్దని వాళ్లే అడిగారు, అందుకని ఇక్కడ రాయడం లేదు.

నాకు ఈ చోటు చాలా నచ్చింది. మిగతా చోట్ల చిన్న కుక్కకు ఇంత, పెద్ద కుక్కకు ఇంత అని రేటు మాత్రం మారుతుంది. గది, తిండి, నడక మాత్రం అన్నిటికీ ఒకటే. ఇక్కడ రేటు దాదాపు ఒకటే, మిగతావన్నీ వేరు. ఏ జాతి ఒళ్లు ఎలాంటిదో, దేనికి ఏం పడదో తెలిసి చూసుకునే మనిషి దొరకడం చెన్నై లాంటి ఊళ్లో ఎంత అవసరమో పగ్‌ను పెంచేవాళ్లకు బాగా తెలుసు.

మొదట ఫోన్ చేసినప్పుడు రేటు అడిగితే చెప్పలేదు. “ఏ జాతమ్మా? వయసెంత, బరువెంత?” అని తనే మొదలుపెట్టాడు. పగ్ అనగానే, “నిద్రలోనే గురక పెడతాదా, మేలుకోనున్నప్పుడు కూడా గుర్రుగుర్రుమంటాదా?” అన్నాడు. లాబ్రడార్ అనగానే, పడుకొని లేచేటప్పుడు వెనక కాళ్లు తడబడతాయా అని అడిగాడు. చిప్పిపారై పేరు చెప్పాక మాత్రం కాసేపు ఊరుకొని, “గోడ ఎంత ఎత్తు దూకతాది?” అన్నాడు. మూడు కుక్కలకు మూడు రకాల ప్రశ్నలు. అప్పటిదాకా నేను ఫోన్ చేసిన ఏ బోర్డింగ్‌లోనూ టీకాల పుస్తకం, బరువు తప్ప ఇంకేదీ అడిగినవాళ్లు లేరు.

బుజ్జి సంగతి కాస్త వివరంగా రాయాలి, ఎందుకంటే నా భయమంతా దాని గురించే. మన దేశంలో పగ్‌ను చాలామంది ఇప్పటికీ హచ్ కుక్క అనే అంటారు. ఒకప్పటి హచ్ సెల్‌ఫోన్ కంపెనీ ప్రకటనలో పిల్లాడి వెనకే నడిచిన ముఖం చూసి ముచ్చటపడి కొన్నవాళ్లు ఎందరో. ఆ ముఖమే దానికి ప్రాణాంతకం. తరతరాలుగా మూతి ఎముకను పొట్టిగా చేసుకుంటూ వచ్చారు గానీ, లోపలున్న మెత్తటి కండ ఆ లెక్కన తగ్గలేదు. ముక్కు రంధ్రాలు సన్నటి చీలికల్లా ఉంటాయి. అంగిలి వెనక భాగం సాగి గొంతు దారికి అడ్డంగా వేలాడుతుంది. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, పాదాల అడుగున కొద్దిగా తప్ప. ఒంట్లో వేడి దిగాలంటే నోరు తెరిచి రొప్పాలి, నోట్లో, నాలుక మీద, ముక్కులో తడి ఆవిరి కావాలి. గాలి పోయే దారే ఇరుకైనప్పుడు రొప్పేకొద్దీ ఆ కండ వాచి దారి ఇంకా మూసుకుపోతుంది. దానికి తోడు మన చెన్నై గాలి. సముద్రపు తేమ వల్ల తడి ఆవిరయ్యేదే తక్కువ. అందుకే మీటర్‌లో ఎండ మరీ ఎక్కువ లేకపోయినా ఇక్కడ పగ్‌లకు వడదెబ్బ తగులుతుంది.

ఇదివరకు నగరంలోనే వేరే బోర్డింగ్‌లో ఉంచాం. పైన ఆస్బెస్టాస్ రేకులు, ఒక ఫ్యాన్. లాబ్రడార్‌కు ఏ గదో దానికీ అదే గది. మేం తిరిగొచ్చేసరికి బుజ్జి నాలుక నీలంగా మారి, నురగ కక్కుతూ మూలకు పడి ఉంది. “పగ్‌లన్నీ ఇట్లాగే రొప్పుతాయి మేడం, వాటికిది మామూలే” అన్నాడు అక్కడ పనిచేసే అబ్బాయి. ఆ మాట తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. పగ్‌లలో ఎక్కువగా కనిపించే బాధ కాబట్టి అది బాధే కాదన్నట్టు మాట్లాడటం జాతి గురించి తెలియడం కాదు. ఆ రోజు షాపులోంచి తడి తువాళ్లు, టేబుల్ ఫ్యాన్ తెప్పించి అక్కడికక్కడే చల్లబరిచి, ఆ తర్వాతే ఆసుపత్రికి తీసుకెళ్లాం. పశువైద్యులు చెప్పేదీ అదే. వడదెబ్బ తగిలిన కుక్కను ముందు చల్లబరచాలి, బండెక్కించడం ఆ తర్వాత.

అన్న దగ్గర చప్పిడి ముక్కు కుక్కలకు వేరే గది ఉంది. పగ్, షిట్జూ, ఫ్రెంచ్ బుల్‌డాగ్, బాక్సర్ వస్తే అందులోనే. ఏసీ 25 మీద ఉంటుంది, గోడకు తేమ ఎంతుందో చూపించే చిన్న మీటర్ ఉంది. కరెంటు పోతే జనరేటర్ మీద ఏసీ నడుస్తుంది. మే మొదటి వారంలో అగ్ని నక్షత్రం, అంటే తమిళనాట నడివేసవి ఎండలు, మొదలయ్యాక ఆ జనరేటర్ రిపేరుకు వెళ్తే, అది తిరిగొచ్చేదాకా ఈ కుక్కల్ని తీసుకోడు. మా పక్కింటివాళ్ల షిట్జూను ఇలాగే వద్దన్నాడని వాళ్లకు కోపం వచ్చింది. నాకు నమ్మకం కుదిరింది మాత్రం సరిగ్గా ఆ వద్దనడంతోనే. నడక కూడా తెల్లవారుజామున, మళ్లీ చీకటి పడ్డాక, అదీ కొద్ది దూరమే. మెడకు బెల్టు వేయనివ్వడు, ఛాతీకి వేసే హార్నెస్ తెమ్మంటాడు. ఇరుకు గొంతు మీద పట్టీ బిగిస్తే ఊపిరి ఎలా ఆడుతుంది మరి.

పొద్దున బుజ్జిని చూసే పద్ధతి నేను దగ్గరుండి చూశాను. వరండాలో సిమెంటు అరుగు మీద నిలబెట్టి, ఎడమ చేతి బొటనవేలు గదవ కింద పెట్టి తల కొద్దిగా ఎత్తుతాడు. ముక్కు మీది మడతను విప్పి పొడి దూదితో లోపలిదాకా తుడిచి, ఆ దూదిని వాసన చూస్తాడు. పుల్లటి వాసన వస్తే ఆ మడతలో చీము పట్టబోతోందని అర్థం. తర్వాత చిన్న టార్చి తీసి కంటికి ఎదురుగా కాకుండా పక్కనుంచి వేస్తాడు. పగ్ కంటి గుంత లోతు తక్కువ, గుడ్డు బయటికి ఉబ్బి ఉంటుంది, నిద్రలో కూడా రెప్పలు పూర్తిగా మూతపడవు. దుమ్ము పడినా, గడ్డి పరక తగిలినా నల్లగుడ్డు మీద పుండు పడుతుంది. పక్కనుంచి వెలుతురు వేస్తే పుండు ఉన్నచోట కంటి నిగారింపు చెదిరి మసకగా కనిపిస్తుంది. ఈ పని పొద్దునా సాయంత్రం రెండుసార్లు చేస్తాడు.

మందుల షాపుదాన్ని కాబట్టి నా కళ్లు ఎక్కడికెళ్లినా మందుల అలమరా వైపే పోతాయి. కంటి చుక్కల మందుల్ని రెండు డబ్బాల్లో విడివిడిగా పెట్టాడు. స్టెరాయిడ్ కలిసినవి ఒక డబ్బా, కలవనివి ఒకటి. స్టెరాయిడ్ డబ్బా మీద “డాక్టరు చూసినాకే” అని తెలుగులో రాసి అంటించి ఉంది. కంటి మీద పుండు ఉన్నప్పుడు స్టెరాయిడ్ చుక్కలు వేస్తే పుండు మానకపోగా ముదిరి గుడ్డుకే చిల్లు పడొచ్చు. కన్ను ఎర్రబడిందని మా షాపుకు వచ్చి ఏదో ఒక డ్రాప్స్ ఇవ్వమని అడిగేవాళ్లకు ఇది చెప్పి చెప్పి నా గొంతు అరిగిపోయింది. ఈయన ఎవరూ చెప్పకుండానే పాటిస్తున్నాడు.

ఇక రాజు. లాబ్రడార్ ఆకలికి అంతుండదని అందరికీ తెలుసు, దానికి కారణం ఏమిటో కూడా కొంత తెలిసింది. పీఓఎంసీ అనే జన్యువులో ఒక ముక్క లేకపోవడం వల్ల కడుపు నిండిందన్న కబురు మెదడుకు సరిగ్గా అందదని 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు చెప్పారు. సుమారు నాలుగు లాబ్రడార్లలో ఒకదానికి ఈ లోపం ఉందట. ఇంకో విచిత్రం, మనుషులకు సాయంగా తర్ఫీదు ఇచ్చే లాబ్రడార్లలో ఇది మరీ ఎక్కువగా కనిపించింది. ఇది చెప్తే అన్న ఆశ్చర్యపోలేదు. “తిండి మీద యావ ఉండేదానికే పని నేర్పించడం సులువమ్మా. పేలుడు మందు వాసన పట్టినాక దానికి దక్కేది బిస్కెట్టో బంతో. ఆ యావ లేకపోతే మధ్యాన్నం ఎండలో అది నా మాటెందుకు వింటాది?” అన్నాడు. గుంపుల్లో, చప్పుళ్లలో బెదరకపోవడం, కొత్త మనిషితో తొందరగా కలిసిపోవడం కూడా ఆ పనికి కావాల్సినవే. జర్మన్ షెపర్డ్ ఒకే హ్యాండ్లర్‌కు గట్టిగా అతుక్కుంటుందని, కాపలాకూ ఆనవాలు పట్టడానికీ దాన్నే ఎంచుకుంటారని చెప్పాడు.

ఆకలి ఉన్నంత మాత్రాన పెట్టకూడదు కదా. పెద్ద బోర్డింగుల్లో రాజు బరువు పెరిగి వచ్చేవాడు. జాలిపడి పెట్టేవాళ్లే ఎక్కువ, వాడి చూపు అలాంటిది. ఇక్కడ దించేటప్పుడు తూకం, తీసుకెళ్లేటప్పుడు తూకం, రెండూ కార్డు మీద రాసిస్తారు. వదిన స్టీలు గ్లాసుతో కొలిచి పెడుతుంది. 48 లాబ్రడార్ల మీద వాటి జీవితమంతా నడిపి 2002లో ప్రచురించిన ఒక అధ్యయనం ఉంది. ఒకే ఈతలో పుట్టిన పిల్లల్ని జతలు చేసి, ఒకదానికి రెండోదానికంటే పావు వంతు తక్కువ పెట్టారు. తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి, కీళ్ల నొప్పులూ ఆలస్యంగా వచ్చాయి. లాబ్‌కు తుంటి కీలు, మోచేతి కీలు జాతిలోనే బలహీనం. ప్రేమ కొద్దీ ఒక ముద్ద ఎక్కువ పెట్టేవాళ్లు ఈ లెక్క ఒక్కసారి గుర్తు చేసుకోవాలి. అన్న కారులోంచి రాజును దూకనివ్వలేదు, చెక్క పలక వాలుగా పెట్టి దించాడు. వాడుండే గదిలో టైల్స్ మీద కాలు జారకుండా రబ్బరు చాపలు పరిచాడు.

సాయంత్రం అన్న వాడితో ఆడించే ఆట చూడాలి. పాత ఖాకీ గుడ్డ ముక్కకు లవంగ నూనె పూసి, రాజును లోపల కట్టేసి, పెరట్లో వరసగా పెట్టిన మట్టి కుండీల్లో ఒకదాని వెనక దాచాడు. వదిలాక రాజు మొదట మూడు కుండీలు దాటి పరుగెత్తాడు. అక్కడ ఆగి, తల గాలికి ఎత్తి, వెనక్కి తిరిగాడు. ఇక పరుగు లేదు. ముక్కు నేలకు ఆనించి, రెండు కుండీల మధ్య ఇటూ అటూ ఊగుతూ, తోక మొదట మెల్లగా, తర్వాత వేగంగా ఆడిస్తూ, ఒక కుండీ దగ్గర ఒక్కసారిగా బిగుసుకుపోయాడు. గుడ్డను నోట కరుచుకొని వచ్చి అన్న చేతిలో పెడితే దానిమీద పంటి గాటు లేదు. దెబ్బతిన్న పక్షిని చీల్చకుండా నీళ్లలోంచి పట్టుకొచ్చే పనికి పెంచిన జాతి, ఆ మెత్తటి పట్టు ఇంకా పోలేదు. రాత్రి మా ఇంట్లో చెప్పులు కొరికేవాడు ఆ రాత్రి చప్పుడు లేకుండా పడుకున్నాడట. పాపం వాడికి కావాల్సింది ఈ పనే అనిపించింది. ఇంటికొచ్చాక మేమూ రోజూ ఈ ఆట ఆడిస్తున్నాం.

మెరుపు దగ్గరికొచ్చేసరికి పద్ధతి మొత్తం మారిపోయింది. చిప్పిపారై దక్షిణ తమిళనాడు కుక్క, కుందేళ్ల వేటకు పెంచినది. వాసన కంటే కంటిచూపుతో వేటాడే జాతి. కదిలేది కనిపిస్తే చాలు, పిలుపు చెవికెక్కదు. మా వీధిలో పిల్లిని చూసి గొలుసుతో సహా మా ఆయన్ని లాక్కుపోయింది. అందుకే అన్న గోడ ఎత్తు అడిగాడు. ఆయన స్థలంలో వెనక వైపు పొడవాటి పట్టీ ఒకటి ఉంది, చుట్టూ మనిషికంటే ఎత్తైన కంచె. పొద్దున కాసేపు మెరుపును ఒక్కదాన్నే అందులో వదులుతాడు. నాలుగైదు చుట్లు ప్రాణం పెట్టి పరిగెత్తి, తర్వాత రోజంతా పడుకుంటుంది. ఈ జాతిని పెంచేవాళ్లకు ఇది తెలుసు, తెలియనివాళ్లు రోజంతా హుషారుగా ఉంటుందనుకుంటారు. లాబ్‌లా అందరి ఒళ్లోకీ ఎక్కదు. కొత్త మనిషిని దగ్గరికి రానివ్వదు, కరవదు కూడా, మొహం తిప్పుకొని దూరంగా నిలబడుతుంది. అన్న మొదటిరోజు దాన్ని పిలవలేదు, తాకలేదు. గదిలో దానికి వీపు పెట్టి కూర్చొని పేపరు చదువుకున్నాడు. చాలాసేపటికి వచ్చి మెడ దగ్గర వాసన చూసిందట. ఆ రాత్రి అన్నం ముట్టలేదు. వదిన మర్నాడు పొద్దున ఉడికించిన గుడ్డు, పెరుగన్నం పెడితే తిన్నదని ఫోన్ చేసింది.

దాని పరుపు కూడా మందంది. ఒంట్లో కొవ్వు లేదు, చర్మం పలుచన, ఎముక నేరుగా నేలకు తగిలి మోచేతుల దగ్గర కాయలు కాస్తాయి. మార్గళి (ధనుర్మాసం) చలి చెన్నైలో మనకు చలే కాదు, మెరుపు మాత్రం వణుకుతుంది, దుప్పటి తెమ్మన్నారు. అన్నిటికంటే నాకు విలువైనదిగా తోచింది కార్డు మీద ఎర్ర సిరాతో రాసిన ఒక మాట: “వేట కుక్క, మత్తు ఇచ్చేముందు డాక్టరుకు చెప్పాలి.” గ్రేహౌండ్ లాంటి సన్నటి వేట కుక్కల్లో కొన్ని పాత మత్తుమందులు, ముఖ్యంగా థయోపెంటోన్, తొందరగా దిగవు. కొవ్వు తక్కువ కావడం ఒక కారణం, కాలేయం ఆ మందును నెమ్మదిగా విరగ్గొట్టడం ఇంకో కారణం. అర్ధరాత్రి ఏ ప్రమాదమో జరిగి, యజమాని ఊళ్లో లేనప్పుడు ఆ కార్డు మీది ఒక్క వాక్యం ప్రాణం నిలబెడుతుంది.

ఇక్కడో మాట చెప్పుకోవాలనిపిస్తోంది. 2005లో తపాలా శాఖ మన దేశపు కుక్కల మీద నాలుగు బిళ్లలు వేసింది. రాజపాళయం, ముధోల్, రాంపూర్, హిమాలయన్ షీప్‌డాగ్ వాటి మీదికెక్కాయి. చిప్పిపారైకి ఆ చోటు దక్కలేదు. తర్వాత కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల బ్యూరో రాజపాళయం, ముధోల్‌తో పాటు చిప్పిపారైని కూడా గుర్తించిన జాతిగా నమోదు చేసింది. ఈ నేల ఎండలో పుట్టి, ఈ ఎండకే సరిపడిన పలచని బొచ్చుతో ఉన్న కుక్కను వదిలేసి, మంచు దేశపు హస్కీని మూడో అంతస్తు ఫ్లాట్‌లో బంధించే వాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. మేం వెళ్లినప్పుడు అన్న దగ్గరా ఒక హస్కీ ఉంది. రెండు పొరల బొచ్చు, నీలి కళ్లు, చాలా అందమైన కుక్క. ఏసీ గదిలోంచి పగలు బయటికి రావడానికి లేదు. దాని పూర్వీకులు రోజంతా బండి లాగినవి. దాన్ని చూసి వదినే “దీనికి ఇది జైలక్కా” అంది.

మిగతా కుక్కల ఏర్పాట్లూ ఇలాగే. డాక్స్‌హండ్‌కు మెట్లు లేని గది, ఎత్తుకునేటప్పుడు ఒక చెయ్యి ఛాతీ కింద, ఒక చెయ్యి నడుము కింద. పొట్టి కాళ్లు తెచ్చిపెట్టిన జన్యువే వెన్నుపూసల మధ్య డిస్కులనూ తొందరగా గట్టిపరుస్తుంది, ఒక్క దూకుతో వెనక కాళ్లు పడిపోవచ్చు. బీగిల్‌ను మాత్రం స్థలానికి ఆ చివర ఉంచారు, గుంపుతో కలిసి ఊళపెట్టే వేటకుక్క కదా, మొదలెడితే ఊరంతా వినిపిస్తుంది. డాల్మేషియన్‌ను నిద్రలేపేటప్పుడు అన్న పిలవలేదు, నేల మీద కాలితో తట్టాడు. ఆ జాతిలో పుట్టుచెవుడు ఎక్కువ, ఆ కుక్కకు ఒక చెవి వినపడదట. తెల్లటి రాజపాళయంలోనూ ఈ సమస్య కనిపిస్తుంది. గ్రేట్ డేన్ లాంటి లోతు ఛాతీ కుక్కలకు తిండి రెండు మూడు వాయిదాల్లో పెట్టి, తిన్నాక పరిగెత్తనివ్వరు, కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది కాబట్టి.

మందుల షాపు మనిషిగా ఒకటి గట్టిగా చెప్పాలి. గజ్జి పట్టిందని, గోమార్లు పట్టాయని ఐవర్‌మెక్టిన్ అడిగేవాళ్లు మా షాపుకు తరచూ వస్తారు. పశువులకు వేసే ఇంజెక్షన్‌ను కుక్కకు వేస్తామని అడిగేవాళ్లూ ఉన్నారు. కోలీ, షెల్టీ, ఆస్ట్రేలియన్ షెపర్డ్ లాంటి గొర్రెల కాపలా జాతుల్లో చాలా వాటికి ఎండీఆర్1 అనే జన్యువు దెబ్బతిని ఉంటుంది. మామూలుగా మెదడులోకి పోకుండా బయటికి నెట్టేయాల్సిన మందు వాటిలో లోపలికి చేరిపోతుంది. గజ్జికి వాడే మోతాదు మిగతా కుక్కలకు సరిపోయినా, వీటికి తూలిపోవడం, చూపు పోవడం, కోమా దాకా వెళ్తుంది. కోలీతో కలిసిన సంకరాల్లోనూ ఉండొచ్చు, బయటికి చూస్తే తెలియదు. అన్న దగ్గర గోమార్లకు మందు కుక్కతో పాటు యజమాని తెచ్చిందే వాడతారు, అదీ డాక్టరు రాసిన చీటీ ఉంటేనే. “అందరికీ ఒకే సూది” పద్ధతి అక్కడ లేదు. చెన్నైలో గోమార్ల జ్వరం ఎంత ఎక్కువో చూస్తున్నాం, అయినా ఆయన తొందరపడి ఏ మందూ వేయడు. ప్రతి సాయంత్రం చెవి లోపల, వేళ్ల సందుల్లో చేత్తో వెతికి తీసేస్తాడు.

ఇన్ని చెప్పాక, ఆయన జాతి పేరు చూసి కుక్క గుణం తేల్చేస్తాడనుకోవద్దు. అమెరికాలో 18 వేలకు పైగా కుక్కల వివరాలు వాటి యజమానుల నుంచి సేకరించి, రెండు వేలకు పైగా కుక్కల డీఎన్ఏ పరీక్షించి 2022లో సైన్స్ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. ఒక కుక్క ప్రవర్తనకూ ఇంకో కుక్క ప్రవర్తనకూ ఉండే తేడాలో జాతి వల్ల వచ్చేది సుమారు 9 శాతమేనని తేలింది. మాట వినడం లాంటి కొన్ని గుణాల్లో జాతి పాత్ర కాస్త ఎక్కువ, మనిషి మీదికి పోయే కోపం లాంటి వాటిలో బాగా తక్కువ. అన్న లెక్కా ఇదేనని నాకనిపించింది. ఒంటి సంగతి జాతిని బట్టి, బుద్ధి సంగతి ఆ కుక్కను బట్టి చూస్తాడు. మేం వెళ్లినప్పుడు రాజు కాకుండా ఇంకో లాబ్రడార్ ఉంది. అది గిన్నె దగ్గరికి ఎవరొచ్చినా గుర్రుమంటోంది, దాన్ని వేరే గదిలో పెట్టి తినిపిస్తున్నారు. లాబ్ కదా ఏమీ చేయదులే అనుకోలేదు.

2024 మేలో నుంగంబాక్కం పార్కులో రెండు రాట్‌వైలర్లు ఐదేళ్ల పాపను కరిచిన తర్వాత చాలా బోర్డింగులు ఆ జాతిని తీసుకోవడమే మానేశాయి. ఈయన రాట్‌వైలర్‌ను చూడకుండా వద్దనడు, చూడకుండా సరేననడు. యజమాని లేకుండా గంటసేపు దాంతో గడిపి, కొత్త మనిషి గేటు తీస్తే ఏం చేస్తుందో చూసి, అప్పుడు చెప్తాడు. అంత బరువు, అంత దవడ బలం ఉన్న కుక్క ఒక్కసారి తప్పు చేసినా నష్టం పెద్దది కాబట్టి, ఒప్పుకున్నాక కూడా దానికి రెండు తలుపుల గది, బయటికి తీస్తే కరవకుండా మూతికి తొడుగు. ఇది న్యాయంగానే ఉందనిపించింది నాకు.

నచ్చనివీ ఉన్నాయి. హైవే నుంచి లోపలికి వెళ్లే దారి అక్టోబరు, నవంబరు వానల్లో బురద, చిన్న కారు దిగబడుతుంది. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా ఫోన్ ఎత్తరు. కుక్కలు పడుకునే వేళ, చప్పుడు కూడదంటారు, అది సరేగానీ ఊళ్లో ఉన్న మనకు ఆ మూడు గంటలు నిమ్మళం ఉండదు. వీడియోలు పంపరు, రోజుకొక ఫొటో, అదీ వదినకు వీలైతే. అత్యవసరమైతే వేపేరిలోని మద్రాస్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్తామన్నారు, అక్కడినుంచి అది దూరమే, ట్రాఫిక్‌లో ఇంకా దూరం. రాత్రి ఎనిమిది దాటాక కుక్కను తిరిగివ్వరు. నెల్లూరు నుంచి ఆలస్యంగా వచ్చి ఇంకో రోజు డబ్బు కట్టాల్సి వచ్చింది మాకు. దగ్గర్లో పశువుల డాక్టరు ఒకరితో మాట్లాడి పెట్టుకుంటే బాగుంటుందని అన్నకు చెప్పాను, ప్రయత్నిస్తానన్నాడు.

రేటు రోజుకు చిన్న కుక్కకు 800, పెద్దదానికి 900, ఏసీ గదైతే ఇంకో 200. తిండి మనం ఇస్తే కొంచెం తగ్గిస్తారు. కొళత్తూరు, పెరంబూరు వైపు రేట్లతో పోలిస్తే ఎక్కువే, మేం మాత్రం సంతోషంగా ఇస్తున్నాం.

వెళ్లేవాళ్లు టీకాల పుస్తకం అసలుది తీసుకెళ్లండి, ఫోన్లో ఫొటో చూపిస్తే ఒప్పుకోరు. రేబీస్, పార్వో, డిస్టెంపర్ టీకాల గడువు చూస్తారు. ఎదకొచ్చిన ఆడకుక్కను తీసుకోరు. కుక్క రోజూ పడుకునే పాత దుప్పటి ఉతక్కుండా ఇవ్వండి, ఇంటి వాసన ఉంటుంది. మొదటిసారైతే ముందుగా ఒక రాత్రి ఉంచి చూడాలన్నది వాళ్ల షరతు, దానికి సగం రేటే తీసుకుంటారు. సంక్రాంతికి చోటు కావాలంటే నవంబరులోనే చెప్పుకోండి, మాకు తెలిసిన రెండు కుటుంబాలకు డిసెంబరులో అడిగితే దొరకలేదు.